పోలండ్‌లో బహుమతి కొట్టిన దాహం

"ఏయ్ తలపాగా, నవ్వకు! దాహంతో ఉన్నవాడెవడైనా నవ్వుతాడా?"

ప్రొఫెసర్ అచ్యుత్ దిఘే కెమెరా కంటికి ఆనించుకునే అరిచాడు.

"మీ బొమ్మ చూస్తే నవ్వొస్తోంది సాహెబ్, ఏం చేయమంటారు?" అన్నాడు తలపాగా.

పేర్లతో పని పెట్టుకోలేదు దిఘే. ఒంటిమీదో చేతిలోనో ఏది కనిపిస్తే అదే పేరు. తలపాగా, డబ్బా, బిందె. పుణే చివర కొండవాలు బస్తీలో, పెచ్చులూడిన గోడ ముందు గంట నుంచీ ఎండలో నిలబడ్డారు ముగ్గురూ.

గోడ మీద దిఘే పోస్టర్. తెల్ల కాగితం మధ్యలో బీటలు వారిన ఒక నీటి చుక్క. కింద మూలన చీమ తలంత అక్షరాలు. అంత చిన్నగా ఎందుకూ అంటే, డిజైనంటే అదేనట.

ఇరవై రెండేళ్ళుగా ఆయన కాలేజీలో పోస్టర్ పాఠం చెబుతున్నాడు. "పోస్టర్ వీధిది, గోడది, జనానిది." మొదటి రోజు మొదటి మాట అది. ఆయన పోస్టర్ ఒక్కటి కూడా ఇంతవరకూ వీధి మొహం చూడలేదు. ఒకే ఒక్క కాపీ అచ్చేయించడం, గొట్టంలో చుట్టి విదేశీ పోటీకి పంపడం, వచ్చిన సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకోవడం. కరువు మీద ఒకటి, ఆకలి మీద ఒకటి, యుద్ధం మీద రెండు. లోకంలో ఏ కష్టమొచ్చినా ఆయన గోడకి ఒక ఫ్రేము.

ఇప్పుడు కొంప మునిగింది. రేపు పదకొండింటికి ప్రమోషన్ కమిటీ. కొత్త రూలు పెట్టారు. బహుమతి కాగితం ఒక్కటే చాలదు, ఆ పోస్టర్ జనం మధ్య పెట్టినట్టు, జనం చూసినట్టు ఫొటో కావాలి. లేదంటే ఇంకో ఐదేళ్ళు ఉన్న కుర్చీలోనే.

"బిందె కాస్త పైకి. మెడ వాల్చు బాయి. ఆ చుక్క వంక ఆశగా చూడు."

"ఆశ ఎప్పుడో అయిపోయింది సాహెబ్, కాళ్ళ నొప్పులే మిగిలాయి," అంది వెలిసిన చీరలో బిందె పట్టుకున్న ఆవిడ. "మా పని ఎప్పుడు మరి?"

"ముందు నాది కానివ్వు. మాటిచ్చానుగా."

"మీ మాట తెలియందా? ఫొటో పడగానే కారెక్కే రకం."

ఎదురింటి గడపలో కూర్చున్న ముసలమ్మ ఇదంతా చూస్తోంది. బస్తీ అంతా ఆజీ, అంటే అవ్వ, అని పిలుస్తుంది ఆమెని. "ఏ గల్లీ వాళ్ళర్రా మీరు?" అని అడిగింది.

"కింది గల్లీ, ఆజీ," అన్నాడు తలపాగా గొంతు తగ్గించి.

"ఆ కాగితంలో ఏముంది?"

"నీళ్ళు అని రాసుంది ఆజీ, మూలన," అన్నాడు దిఘే.

ఆజీ కళ్ళు చికిలించింది. "నీళ్ళని కూడా అంత పిసినారిగా రాస్తారా?"

అప్పుడు మోగింది హారన్. నాలుగు రోజులకి వచ్చిన నీళ్ళ టాంకర్. గల్లీ గల్లీ లేచి పరిగెత్తింది. డ్రమ్ములు, బిందెలు, చంకల్లో పిల్లలు. ఆజీ కోడలు రెండు కుండలతో దూసుకుపోయింది.

డబ్బా పట్టుకున్నాయన తల తిప్పి చూశాడు.

"ఎవరూ కదలొద్దు!" దిఘే కేకేశాడు. "ఈ వెలుతురు ఇంకో పది నిమిషాలే."

ముగ్గురూ కదల్లేదు.

ఆజీకి ఒళ్ళు మండింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. "పోనియ్యవయ్యా వాళ్ళని! టాంకర్ పోయాక చుక్క దొరకదు."

"ఆజీ, ఇదంతా మీలాంటి వాళ్ళ కోసమే. ఈ పోస్టర్ పోలండ్‌లో బహుమతి కొట్టింది."

"అయితే పోయి పోలండ్‌లో నిలబెట్టుకో. వీళ్ళ గొంతులెండిపోతే నీ బహుమతి నాకాలా?"

తలపాగా దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. దిఘే ఒకటి తర్వాత ఒకటి నొక్కుతూనే ఉన్నాడు. ఏదీ నచ్చలేదు. ఒకదాంట్లో నీడ, ఒకదాంట్లో కుక్క.

టాంకర్ ఖాళీ అయి కొండ దిగిపోయింది. ఆజీ కోడలు ఒకటిన్నర కుండతో తిరిగొచ్చింది. తోపులాటలో సగం కుండ ఒలికిపోయిందట. అందరినీ తిడుతూ గుమ్మంలో దించింది.

ఆజీ నిండు కుండ నడుం మీద పెట్టుకుంది. కాళ్ళీడ్చుకుంటూ గల్లీ దాటి బిందె ఆవిడ ముందు ఆగింది.

"పట్టు బిడ్డా."

"వద్దు ఆజీ..." ఆవిడ వెనక్కి తగ్గింది.

"పట్టమంటున్నా! మాకు రెండు పూటలు గడుస్తాయి. ఆ దిక్కుమాలినోడి కోసం మీరెందుకు ఎండి చావాలి?"

చుక్క కింద పడకుండా కుండ వంచింది. కుండలో సగం నీళ్ళు బిందెలోకి దిగాయి. ఆవిడ తల వంచుకుంది. వెనకాల గోడ మీద బీటలు వారిన చుక్క.

క్లిక్.

"ఇదీ! ఇదీ ఫొటో అంటే!" దిఘే గంతేశాడు. "కమిటీ ఏడుస్తుంది రేపు!"

ఆజీ ఆయన మొహాన ఉమ్మలేక ఊరుకున్నట్టు చూసి, సగం ఖాళీ అయిన కుండతో వెనక్కి మళ్ళింది. కోడలు అరుస్తోంది. ఆజీ వినిపించుకోలేదు.

దిఘే గోరుతో టేపు అంచులు లేపి, ఉన్న ఒక్క కాపీనీ జాగ్రత్తగా ఊడదీసి గొట్టంలోకి చుట్టాడు. కారు తాళం తీశాడు. బిందె ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? నా పని?"

"చేద్దాం, చేద్దాం. పారిపోతానా?"

ఆజీ తలుపు వేసుకునేదాకా ఆగి, అదే కాలేజీలో అక్షరాల డిజైను పాఠాలు చెప్పే డాక్టర్ వృందా గుప్తే బిందెలో నీళ్ళు మురిక్కాలవలోకి వంచేసి, ఖాళీ బిందె దిఘే చంకలో పెట్టి, తలపాగా, డబ్బా సర్దుకుంటున్న మిగతా ఇద్దరు ప్రొఫెసర్ల పక్కన ఆయన్ని నిలబెట్టి, రేపు అదే కమిటీకి చూపాల్సిన తన పోస్టర్ గోడకి అతికించింది.