వడగళ్ళ వీరుడి గొడుగు

"ఒక్కసారి ఆ పెట్టె విప్పి చూడరా" అని అక్క మూడోసారి అడిగింది.

తమ్ముడు తల ఎత్తలేదు. చేతిలో టీ చల్లారిపోయింది. ఎదురుగా గోడ పొడుగునా అద్దాల బీరువా. అందులో నూట నలభై మంది సూపర్ హీరోలు, అందరూ పెట్టెల్లోనే నిలబడి ఉన్నారు. ఆఖరి వరసలో కొత్తగా చేరినవాడు వడగళ్ళ వీరుడు. వాడితోనే వచ్చింది తంటా అంతా.

పెట్టె మీద అచ్చేసిన బొమ్మలో వీరుడి చేతిలో ఉక్కు గొడుగు ఉంటుంది. పిడుగునైనా ఆపుతుందట. పెట్టెకి ముందున్న ప్లాస్టిక్ కాగితంలోంచి తొంగిచూస్తే మాత్రం వాడి చెయ్యి ఖాళీ. రెండేళ్ళు ఊరించి ఊరించి కంపెనీ రెండువందల బొమ్మలే చేసింది. రెండువందలూ అలాగే వచ్చాయి. బొమ్మలు సేకరించేవాళ్ళ సంఘం భగ్గుమంది. ఇదే కంపెనీ మొన్న ఒక హీరోకి రెండూ కుడికాళ్ళే పెట్టింది. అటుమొన్న ఇంకొకడికి మెల్లకన్ను దిద్దింది. ఇంక ఊరుకునేది లేదన్నారు.

గొడుగు చేతికి తగిలిస్తే దారిలో విరుగుతుందని లోపల అట్ట వెనక పెట్టామని, పెట్టె విప్పి చూసుకోమని కంపెనీ జవాబు రాసింది.

విప్పడమే? సంఘంలో అది బూతుమాట కింద లెక్క. సీలు ఊడిన పెట్టె వాళ్ళకి ఎంగిలి పెట్టె. పోయినేడు ఒక పళ్ళ డాక్టరు మనసు ఉగ్గబట్టుకోలేక ఒకటి విప్పాడు పాపం. అప్పట్నుంచి ఆయన పేరు "విప్పుడు డాక్టరు" అయింది. నాలుగు మీటింగులు ఓర్చుకుని, తర్వాత రావడం మానేశాడు.

"మనచేతే విప్పించి మన నోట్లో మట్టి కొట్టే ఎత్తు ఇది" అని అందరూ తేల్చారు. ప్యాకింగ్ చేసినవాళ్ళెవరో వాళ్ళని పనిలోంచి తీసెయ్యాలని అర్జీ పెట్టారు. మొదటి సంతకం అధ్యక్షుడిది, అంటే ఈ తమ్ముడిది. బడిలో లెక్కల మాస్టారు. సంఘంలో అంతా "సీలు మాస్టారు" అని గౌరవంగా పిలుస్తారు.

ఆ రెండువందల పెట్టెలూ ప్యాక్ చేసింది ఒకే మనిషి అనీ, ఆ మనిషి అదే కంపెనీలో పనిచేసే తన అక్కేననీ సంతకం పెట్టేటప్పుడు అతనికి తెలియదు.

"ప్రతి గొడుగూ నేనే పెట్టానురా" అంది అక్క. "అగ్గిపుల్లంత ఉంటుంది. పట్టకారుతో పట్టుకుని, అట్ట వెనక దూర్చి, పైన టేపు వేశాను."

"నేను కాదన్నానా అక్కా?"

"అనలేదు. సంతకం పెట్టావు."

అతని చెవులు సిగ్గుతో మండాయి. అమ్మ పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, అక్కకి పదహారు. జడ వెయ్యడం ఒక్కటి తప్ప తల్లి చేసేవన్నీ చేసింది. ఇన్నేళ్ళలో నోరు తెరిచి అతన్ని ఏదైనా అడగడం ఇదే మొదలు.

"కంపెనీలో ఒక్క పెట్టె కూడా మిగల్లేదు. కొన్నవాళ్ళలో ఎవరో ఒకరు విప్పి చూపించినా చాలన్నాడు మేనేజరు. రేపు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే."

"సంఘానికి పెద్దని అక్కా. నేనే విప్పితే నలుగురిలో తలెత్తుకోగలనా?"

"ఆ మాట నా మొహం చూసి చెప్పు."

చూడలేకపోయాడు. అక్క కప్పులు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, అతను సంఘం కార్యదర్శికి ఫోను చేశాడు. ఆయనది జిరాక్సు షాపు.

"అర్జీ వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం మాస్టారూ, మెత్తబడ్డారా? కారణం చెప్పాలి కదండీ మనవాళ్ళకి. లోపల గొడుగు ఉందని మీకేమైనా కలొచ్చిందా?"

"అబ్బే, ఊరికే అడిగాను" అని నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు తనకే వెగటుగా అనిపించింది. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు సాయంత్రం అక్క మళ్ళీ వచ్చింది. చేతిలో టిఫిను డబ్బా, సంచిలో పదకొండేళ్ళుగా వాడిన పట్టకారు. తిడుతుందేమోనని బిక్కచచ్చి నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"తీసేశార్రా" అంది, కుర్చీలో కూలబడుతూ.

మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సగం తాగి, గ్లాసు వంక చూస్తూ మెల్లగా అంది.

"నాకే అనుమానం వస్తోందిరా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు లేదంటుంటే లేదేమో. ఈమధ్య నాకు మరుపు ఎక్కువైంది. తాళం వేశానా లేదా అని సగం దూరం పోయి వెనక్కి వస్తున్నాను. పెట్టకుండానే పెట్టాననుకున్నానేమో. నిన్న నీతో నిష్ఠూరంగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకు. నువ్వేమంటావు, నేనే మరిచిపోయి ఉంటానంటావా?"

అతను నోరు తెరిచాడు. బీరువా వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూశాడు.

"పోనీలే అక్కా. అయిందేదో అయింది" అన్నాడు.

పెట్టె ఇంటికొచ్చిన రోజే గదికి గడియ పెట్టుకుని, సీలు విప్పి, అట్ట వెనక టేపు కింద పదిలంగా ఉన్న గొడుగుని కళ్ళారా చూసుకుని, ఆనవాలు తెలియకుండా మళ్ళీ అంటించేశానని మాత్రం చెప్పలేదు.