నాలుగో మనిషి

ఫోటోలో ముగ్గురున్నారు. వెళ్ళింది నలుగురు.

నాగదుర్గ ఫోనుని మొహానికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టింది. మధ్యలో తన మొగుడు సుధాకర్. అటు సామర్లకోట ఆరోన్. ఇటు గణేష్‌బాబు. ముగ్గురూ ఐర్లాండులో ఒకే గదిలో ఉండి చదువుకుంటున్నారు. వాళ్ళ వెనకాల కత్తితో నరికినట్టు నిట్టనిలువుగా కొండ. దాని కింద నురగలు కక్కుతూ సముద్రం.

ముందురోజు సుధాకర్ ఫోన్లో అన్న మాట ఆమెకి పొల్లుపోకుండా గుర్తుంది.

"రేపు సెలవు కదే. సముద్రం పక్క కొండల మీద సాయంత్రం దాకా నడవడానికి వెళ్తున్నాం. ముగ్గు... నలుగురం."

అప్పుడామె బెంగంతా ఆ కొండల గురించే. అంచుకి వెళ్ళకండి, గాలి తోసేస్తుందంట, మఫ్లర్ చుట్టుకోండి అని వందసార్లు చెప్పింది. 'ముగ్గు' దగ్గర అతను మాట మింగేయడం ఇప్పుడు గుచ్చుకుంటోంది.

నాలుగోవాడు ఫోటో తీస్తున్నాడేమోలే అని సరిపెట్టుకుందామంటే, అన్నీ సెల్ఫీలే. ఆరోన్ పొడుగాటి చెయ్యి ప్రతిదాంట్లోనూ కనబడుతూనే ఉంది.

ఇంకోదాంట్లో తిండి దగ్గర కూచున్నారు. పేపరు ప్లేట్లు నాలుగు. నాలుగింట్లోనూ పులిహోర.

ఆఖరి ఫోటో దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అంత గాలిలోనూ సుధాకర్ మెడ బోసిగా ఉంది. రాజమండ్రి అంతా తిరిగి తను కొనిపెట్టిన ఎర్ర మఫ్లర్ ఫోటోలో ఓ మూల, కెమెరాకి మరీ దగ్గరగా, మసగ్గా కనబడుతోంది. ఎవరికో చుట్టాడు. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఎర్రటి మడతల మధ్య తెల్లగా, నున్నగా ఒక వంపు.

చెంపే. అంత తెలుపు మనవాళ్ళకెక్కడిది?

పదోతరగతితో ఆగిపోయింది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నాడు కాబోలు. ఒళ్ళో పాప ఫోను లాక్కోబోతే ఆ చిన్నచేతిని విసురుగా తోసేసింది. పాప ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపులోనే వీడియో కాల్ చేసింది.

"నాలుగో మనిషెవరండీ?"

సుధాకర్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఏ నాలుగో మనిషే?"

"నలుగురం అన్నారుగా. ప్లేట్లు కూడా నాలుగున్నాయిగా."

వెనకనుంచి ఆరోన్ తల దూర్చాడు. "మంచి మనిషేనండి వదినగారూ! నోట్లోంచి మాట రాదు. చాలా నెమ్మది."

"మాకంటే అన్నయ్య దగ్గరే చనువెక్కువండి" అని గణేష్‌బాబు అందుకున్నాడు. "దారంతా ఒక్క నిమిషం వదిలితే ఒట్టు!"

"నోర్మూసుకోండ్రా!" సుధాకర్ చెవులు ఎర్రబడ్డాయి. "అదేం లేదే దుర్గా. వచ్చాక చెప్తాను."

"ఇప్పుడు చెప్తే ఏం?"

"చెప్తే నవ్వుతావు. జన్మంతా దెప్పుతావు."

"నవ్వే మొహంలా ఉందా నాది?"

ఫోను కట్టేసింది. ఆ తర్వాత అది మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

తను రమ్మందని పొద్దున్నే తుని నుంచి అన్నయ్య హరిబాబు కారేసుకుని కడియం వచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. చెల్లెలి కళ్ళు చూశాడు, బ్యాగు తీసుకెళ్ళి డిక్కీలో పెట్టేశాడు.

"నా కొడుకు అలాంటోడు కాదే" అంటూ అత్తగారు రత్నమాణిక్యం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయితే ఆ మఫ్లర్‌లో ఉన్నదెవరో కనుక్కుని చెప్పండి అత్తయ్యా. లేదంటే నేనింక ఈ గుమ్మం తొక్కను. నా కూతురూ తొక్కదు."

రత్నమాణిక్యం పక్కకి తప్పుకుంది. నాగదుర్గ పాపని ఎత్తుకుని మెట్లు దిగింది. హరిబాబు కారు స్టార్ట్ చేశాడు.

"వెళ్తే వెళ్దువుగానీ, ఆగు!" అంది రత్నమాణిక్యం ఉన్నట్టుండి. "మీ అన్నా, నువ్వూ, చంటిదీ. ముగ్గురై బయల్దేరతారటే? రాయొకటి తోడేసుకోండి."

హరిబాబు అద్దం దించాడు. "కారుకి బ్రేకులున్నాయండి అత్తయ్యగారూ, రాయెందుకు?"

"నువ్వూరుకో అన్నయ్యా" అంది నాగదుర్గ.

కోపం కోపమే, భయం భయమే. దారిలో చంటిదానికి ఏమైనా అయితే? పాపని ఇంకో చంకకి మార్చుకుని, మెట్ల పక్కనున్న క్రోటను కుండీ దగ్గర వంగింది. అమ్మకానికి పెట్టే కుండీల్లో మట్టి కనబడకుండా పైన గుండ్రాళ్ళు పరవడం వాళ్ళ నర్సరీలో అలవాటు. గుప్పెట్లో పట్టేదాన్ని ఒకటి తీసింది. దానికంటిన మట్టి తుడుద్దామని చున్నీ కొస చుట్టింది.

చున్నీ మడతల మధ్య తెల్లగా, నున్నగా ఒక వంపు.

సుధాకర్ విమానం ఎక్కడానికి వెళ్ళిన రోజున, మామగారూ అన్నయ్యా ఆయనా ముగ్గురే బయల్దేరుతున్నారని, "ఇంత చదివినవాడికి ఈ చాదస్తం ఏంటే" అని ఆయన కసురుకుంటున్నా వినకుండా, ఇదే కుండీలోంచి నాలుగో మనిషిని తీసి కోటు జేబులో వేసింది తనే.