వేటకు పోని రోజులు

నాకు అక్షరాలు వయసు మళ్ళాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదవండి. రాత కూడా నిదానమే. కథ చిన్నదే కాబట్టి ఇబ్బంది లేదు.

నెల్లూరు కోర్టులో మీడియేషన్ గదిలోకి అడుగు పెట్టగానే ఉష ఆగిపోయింది. ప్రసాద్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు.

వాయిదాలకు అతను ఏనాడూ వేళకు రాలేదు. మైపాడు ఒడ్డున చేపలు దించి, తడి లుంగీ మార్చుకుని, ఆ వాసనతోనే పరుగెత్తుకొచ్చేవాడు. ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు.

"అల్లుడికి భయం పట్టుకున్నట్టుందిమే" అని ఉష చెవిలో నవ్వింది తల్లి పిచ్చమ్మ.

భయపడాల్సిన సంగతే. మొగుడూ పెళ్ళాం విడిపోవడం అయిపోయింది. ఇక తేలాల్సింది ఐదేళ్ళ గంగాభవాని ఎవరి దగ్గర ఉండాలన్నదే. రెండేళ్ళుగా పాప నెల్లూరులో తల్లి దగ్గరే ఉంది. ఉష ఆనాటి నుంచి మైపాడు మొహం చూడలేదు. అక్కడివాళ్ళతో మాటా లేదు. పాపను కోర్టు చుట్టూ తిప్పకుండా కూర్చుని మాట్లాడుకోమని జడ్జిగారు ఇద్దరినీ ఇక్కడికి పంపించారు.

మధ్యవర్తి మెర్లిన్ మేడమ్ లాయరు. గొంతు పెంచని మనిషి.

"ఎందుకు విడిపోయారన్నది నాకొద్దమ్మా. పాప సంగతి మాట్లాడుకుందాం."

ఎందుకు విడిపోయారో చెప్పేదాకా ఉష ఆగలేదు.

"మా నాయన సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు మేడమ్. అప్పుడు నేను గంగంత ఉన్నా. అందుకే ఈయన్ని చేసుకునేటప్పుడే చెప్పినా, వేట మానుకోమని. ఊఁ అన్నాడు. పెళ్ళి పందిరి తియ్యకముందే పడవెక్కినాడు. బిడ్డ పుట్టిననాడు కూడా నీళ్ళమీదే ఉండాడు. తుఫానొస్తా ఉంది, పోవద్దని మైకులో మొత్తుకుంటా ఉంటే వల భుజానేసుకొని పోయినాడు. పొద్దంతా నేనూ బిడ్డా ఒడ్డున నిలబడినాం. వచ్చినాక ఏమన్నాడో తెలుసా? చేపలు బాగా పడినాయిమే అన్నాడు. ఆ పొద్దే మూట కట్టినా."

"నిజమే మేడమ్" అన్నాడు ప్రసాద్, తల వంచుకుని.

అతను ఒక్క మాటకైనా ఒప్పుకోవడం ఉష ఎరగదు. ఒక్క క్షణం తడబడింది.

"మీరేం కోరుతున్నారు ప్రసాద్ గారూ?"

"బిడ్డ నా దగ్గరుండాల."

"మరి మీరు వేటకు పోతే పాపను ఎవరు చూస్తారు?"

"వేటకు పోయిన రోజు బిడ్డ తల్లి దగ్గరే ఉండాల మేడమ్. దాంట్లో నాకు ఇంకో మాట లేదు."

ఉష మెదడులో ఏదో వెలిగింది.

"అయితే అదే రాయండి మేడమ్. ఆయన వేటకు పోయిన రోజులు బిడ్డ నా దగ్గర. పోని రోజులు ఆయన దగ్గర."

పిచ్చమ్మ కూతురి చెయ్యి సంతోషంగా గిల్లి, నవ్వు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రసాద్ వేటకు పోని రోజా! ఒళ్ళు కాలిపోతుంటే పడవెక్కిన మనిషి. సొంత తండ్రి దినం అయిన సాయంత్రమే వల సర్దుకున్న మనిషి.

మెర్లిన్ మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"బాగా ఆలోచించుకోమ్మా. ఏటా సర్కారు వేట నిషేధించే రెండు నెలలూ పాప అక్కడే ఉంటుంది."

"అప్పుడు బడికి సెలవులే గదా మేడమ్. నాయనతో ఇసకలో ఆడుకోనీండి పాపం."

"ప్రసాద్ గారూ, మీరూ ఆలోచించుకోండి. ఇలా రాస్తే ఏడాదిలో మీకు మిగిలేది కొంచెమే."

"రాయండి మేడమ్."

"పాప ఎవరి దగ్గరున్నా బడి మాత్రం మానకూడదు."

"మాననీను. నేనే బస్సులో తెచ్చి దింపుతా."

ఉషకు నవ్వొచ్చింది. తెల్లారేసరికి ఒడ్డున చేపల వేలంపాట దగ్గర అరుస్తూ ఉండే మనిషి బడికి దింపుతాడట!

"చూడల్లుడా, రేపు మాట మార్చేవు" అంది పిచ్చమ్మ.

"నేను మార్చనత్తా. మీరు మార్చకుంటే చాలు."

మేడమ్ రాసింది పైకి చదివి వినిపించింది. కోర్టుకు చేరాక దీన్ని దాటడానికి వీల్లేదని ఇద్దరికీ మరోసారి చెప్పింది. ఉష ముందు సంతకం పెట్టింది. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని పెన్ను తనే ప్రసాద్ చేతికి అందించింది.

వరండాలో కోర్టు ఆయా దగ్గర ఆడుకుంటున్న గంగ పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళు చుట్టేసుకుంది. ఉష అడ్డు చెప్పలేదు. గెలిచిన మనిషికి ఆపాటి దయ ఉంటుంది.

"ఈ పొద్దుకు తీసుకపో" అంది. "రేపు ఎన్నింటికి పడవెక్కతావో చెప్పు. ఆ లోపల వచ్చి బిడ్డను తెచ్చుకుంటా."

ప్రసాద్ పాపను భుజానికెత్తుకున్నాడు.

"పడవ అమ్మేసినా ఉషా, వేట మానుకొని నెలయింది."

ఆదిశేషమ్మ
అరవై ఏడేళ్ళు
ఇప్పుడు ఉండేది తోటపల్లి గూడూరు