అరచేతి వాసన

“పాలు మాడి బొగ్గయ్యాయి. పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఇంకా ఎన్నాళ్లు దాస్తారు?” అన్నది భార్య, మాడిన గిన్నెను నీళ్లలో పడేస్తూ.

“నీ దగ్గర దాచానా?”

“నా దగ్గర కాదు. ప్లాంటులో చెప్పండి.”

“చెప్తే? ముక్కు మామనని పేరుపడ్డ నన్ను తీసుకెళ్లి గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు. వచ్చే పోయే లారీలకి సలాం కొట్టమంటావా?”

“ముక్కు లేని ముక్కు మామ కంటే ఆ స్టూలే నయం.”

ఆయన చెప్పులు వేసుకున్నాడు.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా ఆపరేటరు. మురుగు నుండి వేరుచేసిన బురదను అక్కడ మూసిన తొట్టెలో మాగబెడతారు. తొట్టె కింద నిప్పు ఉండదు. బురదను తినే సూక్ష్మజీవులే ఆ వేడినంతా పుట్టిస్తాయి; వాటికి ఊపిరి అందించేది బ్లోయరు. గాలి తగ్గితే అవి ఉక్కిరిబిక్కిరవుతాయి. ముందు కుళ్లిన గుడ్ల కంపు పుడుతుంది, ఆ తరువాత తొట్టె చల్లబడుతుంది. గాలి మితిమీరితే ఆ గాలే వేడిని బయటికి మోసుకుపోతుంది. ఎంత గాలి చాలునో చెప్పవలసిన మీటరు ఆ వేడికి తరచు మొరాయించేది. అప్పుడు అందరూ ఆయన ముక్కు వైపు చూసేవారు. ఆయన పాట వింటున్నవానివలె కళ్లు మూసుకుని, నిదానంగా వాసన పీల్చి, “వాల్వు అర చుట్టు తిప్పండి” అనేవాడు. తిప్పేవారు. తొట్టె తేరుకునేది.

ఆ ముక్కు పెత్తనం తొట్టెతో ఆగేది కాదు. మురుగు వచ్చి చేరే లోతైన పంపుగుంటలో విషవాయువు లేదని యంత్రం చెప్పినా సరే, ముక్కు మామ వంగి వాసన చూసి సరేనన్నదాకా ఫిట్టరు నిచ్చెన మీద కాలు పెట్టేవాడు కాదు.

ఐదు నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ ముక్కును పట్టుకుపోయింది. నాటి నుండి ఆయన అరచేతితో నెట్టుకొస్తున్నాడు. తొట్టె గొట్టం చేతికి చురుక్కుమంటే గాలి చాలినట్టు; గోరువెచ్చగా తగిలితే చాలనట్టు. అయితే కంపు గంటలో చేరవేసే కబురును వేడి మరునాటికి గాని చెప్పదు. గత నెలలో రెండుసార్లు చుట్టుపక్కల వీధులవారు కంపు భరించలేక ఫిర్యాదు చేశారు. ఆ రెండు రోజులకూ దినచర్య పుస్తకంలో ఆయన దస్తూరీతో ‘వాసన: మామూలు’ అని ఉన్నది.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ నమూనాల గదిలో ఆ పుస్తకాన్నే ముందు పెట్టుకుని కూర్చున్నది. పక్కన ఫిట్టరు నిలబడి ఉన్నాడు. బురద నమూనా సీసా మూత తీస్తే చాలు, కళ్లదాకా రుమాలు కట్టుకునే మనిషి. ఆవేళ ఆ రుమాలు మెడలోనే వేలాడుతున్నది. బల్ల మీద మూత తీసిన సన్నమూతి స్టీలు సీసాలు రెండు ఉన్నాయి.

“బాబాయ్ గారూ, రేపు ఇతను పంపుగుంటలో దిగాలి. మీ మాట మీద దింపమంటారా?” అన్నది ఇంజనీరమ్మ.

“ఇన్నేళ్లూ ఎవరి మాట మీద దిగాడమ్మా?”

ఫిట్టరు నేలచూపులు చూస్తూ, “మామా, ముక్కు దిబ్బడో గిబ్బడో ఉంటే చెప్పెయ్. ఎవరూ ఏమనుకోరు. పైన నిలబడేది నువ్వు, దిగేది నేను” అన్నాడు.

“నా ముక్కు మీద అనుమానమేంట్రా నీకు?”

“అనుమానం కాదు మామా. భయం.”

ఇంజనీరమ్మ సీసాలు రెండూ ముందుకు జరిపింది. “ఏది బాగుందో, ఏది చెడిందో చెప్పండి. అంతే.”

ఆయన మొదటి సీసాను రెండు చేతులా అందుకున్నాడు. స్టీలు గుండా వేడి అరచేతులకు సోకింది. పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. అలవాటు చొప్పున కళ్లు మూసుకుని, సీసా మూతిని ముక్కు దగ్గర చేర్చి, తొందర లేకుండా పీల్చాడు.

“వానకి తడిసిన మట్టి వాసన. దీనికి గాలి బాగా అందింది.”

రెండో సీసా చల్లగా తగిలింది. దానిని ముక్కు దాకా తెచ్చీ తేకముందే ఆయన ముఖం చిట్లించి తల పక్కకు తిప్పుకున్నాడు.

“ఛీ! కుళ్లిన గుడ్లు! ఊపిరాడక చచ్చాయి పాపం. ముందు మూత పెట్టండమ్మా, కడుపులో తిప్పుతోంది.”

ఫిట్టరు ఇంజనీరమ్మ వైపు చూశాడు.

“ఖాయమేనా బాబాయ్ గారూ? ఇంకోసారి చూస్తారా?”

“ఇంకోసారి ఎందుకు? రాసుకోండి.”

ఆమె రాసుకున్నది. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఆయన లేచి, వెళ్తూ వెళ్తూ ఫిట్టరు భుజం తట్టాడు. “రేపు పొద్దున్నే వచ్చెయ్. నేనుండగా నీకేం కాదురా.”

మెట్లు దిగుతూ భార్యకు ఫోను చేసి, “ఆ స్టూలేదో ఇంకొకళ్లకి వెయ్యమను” అని ఆయన నవ్వడం గదిలోకి వినవచ్చింది.

ఆ నవ్వు దూరమయ్యాక ఇంజనీరమ్మ పుస్తకం మూసింది.

“నోరు పిడచగట్టుకుపోయిందమ్మా,” అన్నాడు ఫిట్టరు.

ఆమె రెండో సీసా అందించింది. అతను గటగటా తాగాడు.