తాళం మందు

చిన్న డాక్టరమ్మ తలుపు మెల్లగా తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో రెండు ల్యాబ్ రిపోర్టులు.

"రా అమ్మాయ్. తాళం మందు కోసమేనా?" అన్నారు పెద్ద డాక్టరు, కళ్ళు తెరవకుండానే.

ఆ ఇంజెక్షన్ అసలు పేరు ఆసుపత్రిలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని క్రిముల కోసం మిగిలిన ఆఖరి మందు అది. బీరువాలో ఉంటుంది. పెద్ద డాక్టరు సంతకం లేనిదే తాళం తీయరు. సంతకం కావాలంటే కేసు చెప్పాలి గానీ పేషెంటు పేరు చెప్పకూడదు. పేరు వింటే మొహమాటం పుట్టుకొస్తుందని ఆయన పెట్టిన రూలు. మంత్రిగారి బావమరిదైనా, గేటు దగ్గర వాచ్‌మనైనా ఆయన చెవికి ఒట్టి జ్వరమూ బీపీయే.

"ఇద్దరున్నారు సార్. మందు ఒక్కరికే సరిపోతుంది. కొత్త స్టాకు వచ్చేదాకా ఇద్దరూ ఆగలేరు."

పెద్ద డాక్టరు కళ్ళజోడు కోసం చెయ్యి చాపబోయి మానేశారు. "నువ్వే చదువు."

"ఒకరు బాలింత. ఆపరేషన్ కుట్లకి చీము పట్టింది. ఇంకొకరు వయసు పైబడిన మగమనిషి. ఊపిరితిత్తుల్లో నిమ్ము. ఇద్దరిలోనూ ఒకటే క్రిమి, మన వార్డుల్లో తిరిగేదే."

"ఆ ముసలాడు ఇంతకుముందు ఏమేం మింగాడు?"

"అన్నీ."

"రాసిందెవరు?"

ఆమె తల వంచుకుంది. "నేనే సార్."

ముక్కు కారితే చాలు, ఆ పేషెంటు నుంచి ఫోను వచ్చేది. గట్టిదేదైనా రాయమ్మా, రేపు పని ఎగ్గొట్టలేను అని. ఒట్టి జలుబని తెలిసి కూడా రాసిచ్చేది. ఇప్పుడు రిపోర్టులో ఆ మందులన్నీ వరసగా చేతులెత్తేసి కనిపిస్తున్నాయి.

"కాదనలేకపోయావా?"

"మొహమాటపడ్డాను సార్."

పెద్ద డాక్టరు నవ్వబోతే దగ్గొచ్చింది. "మీకందరికీ అది అంటించింది నేనే కదమ్మా. రౌండ్సుకి వెళ్ళినప్పుడల్లా 'ఎందుకైనా మంచిది, పెద్ద మందే రాసెయ్యండి' అన్నానా లేదా? తుమ్మినవాడికీ, దగ్గినవాడికీ అదే. క్రిములకి నేనే చదువు చెప్పాను. అవి బాగా పాసయ్యాయి. ఆ తర్వాత తీరిగ్గా తాళం కొన్నాను."

ఆ మాటల్లో వేళాకోళం ఉంది గానీ గొంతులో లేదు.

"మందు పెద్దవయసు పేషెంటుకే ఇద్దాం సార్," ఆమె బతిమాలింది. "ఆయన..."

"పేరు చెప్పావంటే కాగితాలు చింపేస్తా. బాలింతకి ఇస్తే?"

"బతుకుతుంది." అబద్ధం ఆడి ఉంటే బాగుండేదని అదే క్షణంలో అనిపించింది.

"ముసలాడికి ఇస్తే?"

"ఆశ ఉంది."

"కిడ్నీలు?"

"దెబ్బతిన్నాయి."

"మరింకేం బేరం?"

"ఆయన భార్య బయట కూర్చుని ఉన్నారు సార్. ఏ మొహం పెట్టుకుని చెప్పను?" ఆమె ఏడ్చేసింది. ఆ మందులు రాసింది తన చెయ్యే. ఆ చేత్తోనే ఇప్పుడు ఈ కబురు కూడా మోసుకెళ్ళాలి.

"ఆవిడకి నేను చెప్తాలే. నిన్నేమీ అనదు. చంటిబిడ్డ ఎలా ఉంది?"

"బాగుంది సార్. పాలకి ఏడుస్తోంది."

"ఏడవనీ. పెన్ను ఇలా ఇయ్యి."

బాలింత కాగితం మీద పెట్టిన సంతకం వంకరటింకరగా వచ్చింది. ఆయన దాన్ని ఒకసారి చూసుకున్నారు.

"పరిగెత్తు, తాళం తీయించు" అంటూ పెన్ను ఆమెకిచ్చేసి, పెద్ద డాక్టరు ఆక్సిజన్ మాస్కుని మళ్ళీ తన ముక్కు మీదికి లాక్కుని దిండు మీద తల వాల్చారు.