తలుపు మీద గీతలు

"పదో తరగతి అయ్యేదాకా ఫోను మాటెత్తొద్దనుకున్నాంగా," అంది దర్జీ, కూతురి కొత్త యూనిఫారం అంచు మడుస్తూ. విడిపోయిన రోజున భార్యాభర్తలిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

వడ్రంగి ఫోను డబ్బాను కుట్టుమిషను మీద పెట్టాడు. "కొన్నది నేను. నెలనెలా రీచార్జి కూడా నేనే వేయిస్తా. నీ మీద పైసా పడదు."

ఆమెకు ఒళ్లు మండింది. తిట్టు బయటికి రాకుండా గుండుసూదులు పెదాల మధ్య బిగించింది.

స్టూలు మీద నిలబడ్డ ఆరో తరగతి పిల్ల ముఖం వెలిగింది. "నాకేనా నాన్నా?"

"నీకే చిట్టీ. ఇక రోజూ వీడియోలో చూసుకోవచ్చు. ఆదివారం ఆదివారం నేను రెండు బస్సులు మారి రావక్కర్లేదు."

డబ్బా కోసం చాచిన చెయ్యి పిల్ల వెనక్కి తీసుకుంది. తలుపు వైపు చూసింది. వచ్చినప్పుడల్లా తండ్రి ఆమె ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలు అక్కడున్నాయి.

"మరి వీడియోలో నా పొడుగెలా కొలుస్తావు?"

"అమ్మ దగ్గర టేపుందిగా," అని నవ్వబోయాడు.

పిల్ల నవ్వలేదు. స్టూలు దిగి, తలుపుకు వీపు ఆనించి నిటారుగా నిలబడింది.

దర్జీ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసింది. తిట్టడానికి మనసు రాలేదు.

"ఇవాళ్టిదైనా గీసి వెళ్లండి."

అతను చెవి తడుముకున్నాడు. ఎప్పుడూ అక్కడుండే పెన్సిలు ఇవాళ లేదు. ఆమె బట్టల మీద గీసే సుద్దముక్క అందించింది.

"ఇది చెరిగిపోతుందేమో."

"పోనివ్వండి," అందామె. "దీనిపైన ఇంకో గీత పడేదుందా ఏం?"