జర అడ్జస్ట్

“సారమ్మ అడ్జస్ట్ అయితది లే యోసేపన్నా. ఎన్నడన్న కాదన్నదా?”

ఈ మాట అన్నది సంఘపెద్ద స్వామిదాసు. సారమ్మ వింటుందన్న ఇంగితం కూడా లేకుండా, ఆమె తలాపునే నిలబడి ఆమె మొగుడితో అన్నాడు.

సారమ్మకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఆమె మాట ఎవరికీ వినపడక నాలుగేళ్లయింది. లేచి కూర్చున్నదీ లేదు.

అడ్జస్ట్! సారమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కకు అర్థం ఆమెకు తెలిసినట్టు మొయినాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు కూడా తెలియదు.

ఆమెకు అది బస్సు నేర్పింది. పెళ్లయిన కొత్తలో చామంతి గంపతో మెహిదీపట్నం బస్సెక్కేది. ముగ్గురు కూర్చునే సీట్లోకి నాలుగో ఆమె వచ్చి “జర అడ్జస్ట్ కా అక్కా” అనేది. అంటే, నీ సగం ఒళ్లు గాల్లో ఉంచుకో అని. ఇంట్లో ఒక్క అర్ర, ఏడుగురు మనుషులు. “అడ్జస్ట్ కావాలె బిడ్డా” అనేది అత్త. అంటే, పోయి గడప దగ్గర పడుకో అని. ఆఖరికి దవాఖానలో కూడా అంతే. ఒకే మంచం మీద ఇద్దరు రోగుల్ని పడుకోబెట్టి, నర్సమ్మ నవ్వుతూ అదే మాట అన్నది.

తమాషా ఏమిటంటే, తెలుగులో “సర్దుకో” అంటే కొట్లాటకు దిగొచ్చు. ఇంగ్లీషులో అంటే మాత్రం నవ్వి జరగాలి. పైగా ఆ మాట అన్నవాళ్లు ఏనాడూ అంగుళం జరిగిన పాపాన పోలేదు. మెత్తని మనిషిని చూస్తే మొత్తబుద్ధి!

యోసేపు నోట మాత్రం ఆ మాట ఎన్నడూ రాలేదు. అందుకే ఆయనంటే సారమ్మకు అంత ప్రేమ.

ఇక్కడికి తెచ్చిన మొదటి రోజు ఆయన పక్కనే కూలబడ్డాడు. “ఈ పక్క జాగ నాదే సారా. ఎవ్వలకు ఇయ్య,” అన్నాడు. ఏడ్చాడు కూడా.

ఆ మాట పట్టుకునే ఆమె పడుకుని ఉంది. ఇరుకు. కిటికీ లేదు. శనివారం వస్తే పక్క ఫార్మ్‌హౌస్‌లో డీజే మోత. అయినా ఓర్చుకుంది. ఆయన చోటు ఆయనకే అట్టిపెట్టింది.

మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు. తోటలో కోసిన చామంతులు తలాపున పెట్టి, చేవెళ్ల మార్కెట్ ముచ్చట్లు చెప్పేవాడు. తర్వాత నెలకోసారి. ఒకనాడు తల వంచుకుని, “వండి పెట్టేటోళ్లు లేరు సారా. ప్రవీణ అని, శంకర్‌పల్లి ఆమె...” అని నసిగాడు. అప్పటి నుంచి పండక్కే వచ్చాడు.

అదీ ఓర్చుకుంది. ఆయనకు బువ్వ కావాలి కదా అనుకుంది.

ఇవాళ పొద్దుటి నుంచి గడ్డపారల చప్పుడు. ఊరి చుట్టూ వెంచర్లే కాబట్టి సారమ్మ పట్టించుకోలేదు. తీరా చూస్తే ఆ చప్పుడు ఈ జాగ కోసమే. రెండో పెళ్లాన్ని తెచ్చి మొదటి పెళ్లాం పక్కన పడుకోబెడతాడట! అదీ తన చోట్లో! ఎంత గుండె!

“వేరే జాగ ఏడున్నదన్నా? అడుగు జాగ దొరుకుతలేదు,” అంటున్నాడు స్వామిదాసు.

యోసేపు కాదంటాడేమోనని సారమ్మ చెవులు రిక్కించింది. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“సారా... జర అడ్జస్ట్ కా.”

బస్సులో వాళ్లన్నారు, సరే. అత్త అన్నది, సరే. నువ్వు కూడానా? సారమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి, కాను అనుకుంది. వెంట్రుకవాసి కూడా జరగను అనుకుంది.

చర్చి వాళ్లు పాట అందుకున్నారు. సంఘమంతా వచ్చినట్టుంది. నలుగురు మనుషులు జాగ్రత్తగా ప్రవీణను తెచ్చి పక్కన పడుకోబెట్టారు. నలభై కూడా ఉండవు. పెళ్లిచీర కట్టుకుని ఉంది. కొత్త చోటు చూసి బెదిరిపోతోంది.

“అక్కా, కోపం చెయ్యకు,” అన్నది ప్రవీణ. “నేను రాననే అన్న. జరం తగ్గలే.”

సారమ్మ బిగుసుకుని పడుకుంది. తిట్టడానికి నాలుగేళ్ల తిట్లున్నాయి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం వేరే.

“నువ్వు గిటొస్తే, ఆడ ఆయనకు బువ్వ ఎవలు వండుతరే?”

ఎవరికీ వినపడని ఆ గొంతు ప్రవీణకు వినపడింది.

“నిన్నటి సంది ముద్ద ముట్టలేదక్కా. ఇగ నా జాగ ఏడున్నది అనుకుంట ఒక్కతీరుగ ఏడుస్తున్నడు.”

సారమ్మ కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన ఏడుపు ఆమె ఏనాడూ చూడలేకపోయేది. ఇరుకులోనే ఒత్తిగిలి, ప్రవీణ చెయ్యి అందుకుని దగ్గరికి లాక్కుంది.

“ఇటు జరుగు చెల్లె. ఇంకింత జరుగు. ఆయన సుత పట్టాలె.”

పాట ఆగింది, పైనుంచి యోసేపు వేసిన మొదటి పిడికెడు మన్ను ఇద్దరి మీదా ఒక్కసారే రాలింది.